ల్యూటు తంతియు, వాదకుని తీర్పును

వీణ విని పెరిగిన చెవికి ఐరోపావారి ల్యూటు తొలుత పేదవాద్యముగా తోచును. మీటిన స్వరము నిలువదు. గమకమును సాగదీయుటకు తావు తక్కువ. నాకును అట్లే తోచినది. పద్దుపుస్తకములతో ఉద్యోగము ముగించిన నేను శాస్త్రము చదివినవాడను కాను. రికార్డులను మరల మరల వినగా కలిగిన అభిప్రాయమునే విన్నవించుచున్నాను.

18వ శతాబ్దపు జర్మను ల్యూటునకు 13 వరుసలు. మొదటి రెండును ఒంటి తంతులు, తక్కినవి జంటలు, వెరసి 24. శ్రుతి చేయువాని ఓర్పును చదువరులే ఊహింతురు గాక! మంద్రపు జంటలలో లావుతంతికి తోడుగా ఒక స్థాయి పైన పలుకు సన్నతంతి యుండును. నాడు తంతులను గొఱ్ఱె ప్రేగులతో చేసెడివారు. లావు ప్రేగుతంతి మందముగా పలికి శీఘ్రముగా అణగును. సన్నతంతియే దానికి స్పష్టత నిచ్చును. లోహపుతీగ చుట్టిన తంతియన్ననో చాలసేపు మ్రోగును. తరువాతి స్వరము వచ్చినను మునుపటిది తొలగదు. వాదకుడు దానిని వ్రేలితో అణచవలసి వచ్చును. కావున తంతిని ఎన్నుకొనునప్పుడే వాదకుడు తన బాణీని సగము నిర్ణయించుకొనుచున్నాడు.

స్పెయిను దేశీయుడగు నార్సిసో యెపెస్ 1970లలో బాఖ్ ల్యూటు రచనలను ల్యూటుపైనను, తన పది తంతుల గిటారుపైనను రికార్డు చేసెను. ఆ గిటారును ఆయన 1960లలో రూపొందించుకొనెను. అదనపు నాలుగు తంతులును ప్రధానముగా అనునాదమునకే. గిటారుపై ప్రతి స్వరమునకును సమానమైన అండ దొరకినది. వాదన నిర్దుష్టము. అయినను కొంతసేపటికి, నీడలేని మధ్యాహ్నమున నడచినట్లుండును.

స్వీడను వాదకుడు యాకోబ్ లిండ్‌బెర్గ్ మార్గము వేఱు. ఆగ్స్‌బుర్గ్‌లో సుమారు 1590లో సిక్స్టస్ రౌవోల్ఫ్ చేసిన ల్యూటునకు ప్రేగుతంతులు కట్టి, డ్రెస్డెన్ ఆస్థాన వాదకుడగు వైస్ రచనలను ఆయన వాయించెను. బాఖును వైసుతో పోల్చుట న్యాయమా యని ఒకరు అడుగవచ్చును. ఇరువురును సమకాలికులు, 1750లోనే గతించినవారు. నా విచారణ రచనను గూర్చి కాదు, మంద్రమును గూర్చి. లిండ్‌బెర్గ్ విలంబ భాగములలో మంద్రస్వరము అణగు క్షణమును తొందరపడి నింపడు. ఆ చిన్ని మౌనములో పైస్వరము ఒంటరిగా నిలుచును. నేను లేమిగా ఎంచినదే అచట భావమైనది.

ద్రుత భాగములలో మాత్రము ఆ ప్రేగుతంతుల మంద్రము నా చెవికి కొంత మాసిపోవును. అప్పుడు యెపెస్ రికార్డునే మరల పెట్టుకొందును.