‘చేయించుకుంది’: గర్భనిరోధ పదజాలం, స్త్రీవాద కవితా శీర్షికలు

ఓల్గా సంపాదకత్వంలో 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనంపై చర్చ ఎక్కువగా శరీర ప్రస్తావనలోని ఔచిత్యం చుట్టూ తిరిగింది. ఆ శరీరం ఏ భాషలో పలికిందన్న విచారణకు తగినంత చోటు దక్కలేదు. స్త్రీవాద కవిత్వమనగానే స్ఫురించే కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ రెండింటి శీర్షికలూ ఆంగ్ల పదాలే. దీనిని ఆంగ్ల వ్యామోహమని కొట్టివేయడం సులభమే గాని, సమంజసం కాదు.

‘పురిటిగది’ ఇంటికి చెందిన మాట. మంత్రసాని, మైల, పురిటిస్నానం, పుట్టింటివారి రాకపోకలు దానిని అంటిపెట్టుకొని ఉంటాయి. కాన్పు ఇల్లు వదలి ఆసుపత్రికి చేరిన చరిత్ర ‘లేబర్ రూం’ అన్న పదంలో ఉంది. శీర్షిక పురిటిగది అయి ఉంటే కవిత మరో కాలానికి వెళ్ళిపోయేది. రెండవ శీర్షిక ఇంకా నిశితమైనది. ‘గర్భస్రావం’ దానంతట అది జరిగినదానికీ, కోరి చేయించుకున్నదానికీ వాడుకలో ఒకే విధంగా చెల్లుతున్నది. ఈ విషయంలో జనవ్యవహారమే నయం: ‘కడుపు పోయింది’, ‘కడుపు తీయించుకుంది’ అని భేదం పాటిస్తుంది. అయితే రెండో మాటలో నింద దాగి ఉంది. 1971 చట్టానికి అనువాదంగా వచ్చిన ‘గర్భవిచ్ఛిత్తి’ కాగితం దాటి నోటికి రాలేదు. ‘స్టేట్‌మెంట్’ ఠాణాకూ న్యాయస్థానానికీ చెందిన మాట. నింద మోయవలసిన స్త్రీని వాంగ్మూలమిచ్చే స్థానంలో నిలిపే పని కవిత మొదలుకాకముందే శీర్షిక నెరవేర్చింది.

గర్భనిరోధం దగ్గరకు వచ్చేసరికి చిక్కు నామవాచకంలోనే కాక క్రియలోనూ ఉంది. ‘కుటుంబ నియంత్రణ’ అన్న సమాసంలో స్త్రీ దేహం కనిపించదు. ట్యూబెక్టమీలో మూసివేసేది అండవాహికలను. అండాశయాలు, గర్భాశయం, నెలసరి యథాతథంగా కొనసాగుతాయి. ఊళ్ళో ‘ఆపరేషన్’ అంటే ఇదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ వివాహితల్లో దాదాపు 70 శాతం మందికి ఈ చికిత్సే గర్భనిరోధ మార్గం. పొట్ట తెరవనక్కరలేని వేసెక్టమీ వాటా ఒక శాతానికీ చేరలేదు.

‘ఆమె ఆపరేషన్ చేయించుకుంది’. ‘చేయు’ ధాతువుకు ప్రేరణార్థకం, దానిపై ఆత్మార్థక ‘కొను’. నిర్ణయం అత్తవారిదైనా, టార్గెట్ పూర్తిచేయవలసిన సిబ్బందిదైనా వ్యాకరణం మాత్రం ఆమెనే కర్తగా నిలబెడుతుంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక సూదిమందు ప్రయోగానికి పేద స్త్రీలను పిలిచినప్పుడు, అది ప్రయోగమన్న సంగతి వారికి తెలియజేయలేదని స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించి, మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ సైతం ‘సూది వేయించుకున్నారు’ అని రాయడానికి తెలుగు క్రియ ఏమాత్రం అడ్డుచెప్పదు.

కాన్పు, గర్భవిచ్ఛిత్తి ఈ కవిత్వంలో శీర్షికలయ్యాయి. అత్యధిక తెలుగు స్త్రీల అనుభవమైన ఆపరేషన్‌కు అంత ప్రసిద్ధమైన కవిత లేదు. తానే ‘చేయించుకున్న’ దానిపై వాంగ్మూలం ఎవరికివ్వాలన్న సంకటం ఇందుకు ఒక కారణం కావచ్చు. ఆ మౌనాన్ని కొంత ఛేదించింది కవిత్వేతర వచనమే. హైదరాబాదు స్త్రీవాద బృందం స్త్రీల ఆరోగ్యంపై తెచ్చిన పుస్తకానికి ‘సవాలక్ష సందేహాలు’ అని పేరు. ‘మేమిద్దరం మాకిద్దరు’ అన్న గోడరాతకు ఎదురుగా ఆ శీర్షికను ఉంచి చదవవలసి ఉంది.