భాగహారానికి లొంగని ప్రయాణం

రెండు విమానాశ్రయాల మధ్య దూరం కనుక్కోవడం కష్టమేమీ కాదు. రెండింటి అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని హేవర్సైన్ సూత్రంలో వేస్తే, గోళం మీద అతి దగ్గరి దారి ఎంతో తేలిపోతుంది. శంషాబాద్ నుంచి ఢిల్లీకి ఇలా కడితే సుమారు 1,265 కిలోమీటర్లు వస్తుంది. భూమి ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉన్నా, లెక్కలో తేడా నూటికి ఒక వంతు కూడా ఉండదు. చిక్కు వచ్చేది ఆ దూరాన్ని విమాన వేగంతో భాగించి, వచ్చిందే ప్రయాణ సమయమని నమ్మినప్పుడు. గంటకు 850 కిలోమీటర్లతో భాగిస్తే ఢిల్లీకి గంటన్నర పడుతుంది. టికెట్ మీద మాత్రం రెండు గంటలు దాటే ఉంటుంది. విమానం గేటు వదిలి రన్‌వే చేరడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించడం, వంతు కోసం చుట్లు తిరగడం, మళ్లీ గేటు దాకా రావడం, ఇవేవీ ఆ భాగహారంలో లేవు. ప్రయాణం ఎంత చిన్నదైతే వీటి వాటా అంత పెద్దది.

దూరప్రయాణాల్లో ఈ వాటా తగ్గుతుంది కదా, అక్కడైనా భాగహారం సరిపోదా అని అడగవచ్చు. అక్కడ గాలి అడ్డొస్తుంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అతి దగ్గరి దారి దాదాపు 12,400 కిలోమీటర్లు. ఎయిరిండియా మొదట అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు నడిపింది. 2016 అక్టోబరులో పసిఫిక్ దారికి మారింది. దూరం 15,300కు పెరిగినా, విమానం పద్నాలుగున్నర గంటల్లోనే, పాత దారికన్నా త్వరగా చేరింది. అంటే సగటున గంటకు 1,050 కిలోమీటర్లు దాటిన వేగం. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోస్తే తప్ప అంత వేగం రాదు. గగనతలాల మూసివేత ఇంకో కారణం. 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక, తొమ్మిదిన్నర గంటలు పట్టే హెల్సింకి–టోక్యో ప్రయాణం పదమూడు గంటలకు చేరింది. ఆ రెండు నగరాల మధ్య దూరం అంగుళమైనా మారలేదు.

సమయం టికెట్ మీదే ఉంటుంది కదా, మనకెందుకీ లెక్క అనేవారున్నారు. టికెట్ మీద ఉండేవి స్థానిక సమయాలు. లండన్‌కూ మనకూ తేడా శీతాకాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర. అది చూసుకోకుండా తీసివేత చేస్తే అసలు ప్రయాణం గంటల తేడాతో తప్పుతుంది. పైగా ఆ అంకె ఆలస్యాలను ముందే ఊహించి కొంత వెసులుబాటు కలిపి వేసినది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి దుబాయిలోనో దోహాలోనో విమానం మారి వెళ్లే తల్లిదండ్రులకు, మధ్యలో ఎంత వ్యవధి ఉంచుకోవాలో నిర్ణయించుకోవడానికి ఈ తెలివిడి అక్కరకొస్తుంది.

సూత్రం సమయం చెప్పలేనప్పుడు దానితో పనేమిటన్నది గట్టి ప్రశ్న. అతి దగ్గరి దారి ఒక కొలబద్ద. నిజంగా ఎగిరిన దారి దానికన్నా ఎంత ఎక్కువో చూస్తే గాలి కోసం ఎంత చుట్టు తిరిగారో, ఏ దేశం దారి మూసిందో, ఇంధనం ఎంత అదనంగా ఖర్చయిందో అంచనా కట్టవచ్చు. కొలబద్దే లేకపోతే ఆ తేడా కంటికి ఆనదు. కాబట్టి లెక్క కట్టేవాళ్లు దూరాన్ని ఒకే అంకెగా ధైర్యంగా చెప్పాలి. సమయాన్ని మాత్రం ఇంత నుంచి ఇంత వరకు అని, పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ విడివిడిగా, ఏ వేగం అనుకుని కట్టారో పక్కనే రాసి చెప్పాలి. నిమిషాలతో సహా ఒకే జవాబు ఇచ్చే లెక్కకన్నా అదే నమ్మదగినది.