షెడ్డులో పుట్టే విమానం

లాన్‌కెయిర్ ఫోర్-పీ. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్ నుంచి పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన ఈ నాలుగు సీట్ల విమానాన్ని ఇళ్ల వెనక షెడ్లలో మామూలు మనుషులు ఏళ్ల తరబడి కూర్చారు. అక్కడి నిబంధన ప్రకారం సగానికి పైగా పని కట్టుకునేవారే చెయ్యాలి. 350 హార్స్‌పవర్ ఇంజిన్‌తో, 24,000 అడుగుల ఎత్తున, గంటకు 500 కిలోమీటర్లు దాటి పోతుంది.

నాకు వేగం కన్నా దాని భాగాలను కలిపే అతుకులే గొప్పగా కనిపిస్తాయి. ఎత్తులో గాలి పలచన కాబట్టి క్యాబిన్‌లోకి గాలిని ఒత్తి నింపుతారు. అప్పుడు గోడలోని ప్రతి చదరపు అంగుళాన్నీ దాదాపు 5 పౌండ్ల ఒత్తిడి బయటికి నెడుతుంది. అంటే చదరపు అడుగుకు 700 పౌండ్ల పైమాటే! అంత బలాన్ని ఆపాల్సింది కార్బన్ ఫైబర్, ఎపాక్సీ జిగురు. అందుకే జిగురు పట్టేలా ప్రతి అంచునూ గరుకు కాగితంతో రుద్దుతారు. కలిపే పాళ్లు తప్పితే ఎపాక్సీ సరిగా గట్టిపడదు. అది గట్టిపడ్డాక, కుండ కొనేవాళ్లు మోగించి చూసినట్టు, నాణెంతో అతుకు పొడుగునా తట్టుకుంటూ పోతారు. ఎక్కడైనా మొద్దుగా పలికితే లోపల ఖాళీ ఉన్నట్టే.

ఇది నడపడం తేలిక కాదు. రెక్కలు చిన్నవి, వేగం తగ్గితే క్షమించవు, ప్రాణాలూ పోయాయి. ప్రత్యేక శిక్షణ తప్పనిసరిగా తీసుకోవాలనే నేనంటాను. అయినా ఉద్యోగం నుంచి వచ్చి, రాత్రిళ్లు మాస్కు కట్టుకుని, ఎవరూ చూడని లోపలి అంచును మళ్లీ రుద్దే ఆ చేతులంటే నాకు ఎనలేని గౌరవం.