లక్ష్మీపేటను ఆరు వాక్యాలు చేసిన యంత్రం

నిజనిర్ధారణ నివేదికల్ని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులుగా మార్చే పని ఇప్పుడు కృత్రిమ మేధకు అప్పజెబుతున్నారు. కాగితం ఫొటో తీసి పెడితే క్షణాల్లో పోస్టు తయారు. సంఘాల్లో తిరిగే పిల్లలకు టైము లేదు, కరపత్రం అచ్చుకు డబ్బుల్లేవు. కాబట్టి ఈ పని జరుగుతుంది, జరగనీండి. పనిముట్టుతో మాకు పేచీ లేదు. అది ఎవరి తెలుగు నేర్చుకొచ్చిందన్నదే మా ప్రశ్న.

2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు మాలల్ని చంపేశారు. మడ్డువలస జలాశయం కోసం ప్రభుత్వం సేకరించిన భూమిలో ముంపుకు రాకుండా మిగిలినదాన్ని సాగు చేసుకోవడమే వాళ్ల నేరం. దాడి చేసింది తూర్పు కాపులు. దీని మీద మా దగ్గరున్న నాలుగు పేజీల రాతప్రతిని, సాక్షుల పేర్లు కొట్టేసి, అలాంటి యంత్రానికిచ్చి చూశాం. ఆరు వాక్యాలొచ్చాయి. చదవడానికి నున్నగా ఉన్నాయి.

మొదటి వాక్యంలోనే 'హత్యాకాండ' పోయి 'ఘర్షణ' వచ్చింది. 'ఇరువర్గాలు' వచ్చాయి. శవాలన్నీ ఒక్క పేటవే అయినప్పుడు రెండో వర్గం ఎక్కడ ఘర్షణ పడింది? ఈ మాట యంత్రం పుట్టించింది కాదు. ఏళ్ల తరబడి మన పత్రికలు దాడుల్ని ఘర్షణలని రాస్తూ వచ్చాయి. ఆ రాతల కుప్పే దాని బడి.

రెండో మార్పు ఇంకా తిరకాసుది. చంపినవాళ్లను 'అగ్రవర్ణ భూస్వాములు' అంది. మా ప్రతిలో ఆ మాటే లేదు. కారంచేడులో 1985లో కమ్మలు, చుండూరులో 1991లో రెడ్లు. కాబట్టి దళితుల మీద దాడి అనగానే దానికి అలవాటైన అచ్చు అదే. కానీ తూర్పు కాపులు సర్కారు జాబితాలో బీసీలు! లక్ష్మీపేట మన ముందు పడేసిన చేదు ప్రశ్నే అది. దళిత బహుజన ఐక్యత అని సభల్లో గొంతు చించుకునే మనం, కత్తి బీసీ చేతిలో ఉన్న రోజున ఏం మాట్లాడాలి? భూమి దగ్గరికొచ్చేసరికి ఆ ఐక్యత ఏమైపోతోంది? ఒక్క విశేషణంతో ఈ ప్రశ్నంతా మాయమైంది. నిజం చెప్పాలంటే మనవాళ్లలో కూడా కొందరికి ఈ అబద్ధమే హాయి. చప్పట్లు పడతాయి, ఎవరికీ కోపం రాదు.

ఇక జిల్లా పేరు. వంగర మండలం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. యంత్రం విజయనగరమనే రాసింది. తప్పని అనలేం. కానీ 2012 నాటి కాగితాలు వెతికే విద్యార్థి ఏ జిల్లాలో వెతుక్కోవాలి?

పేటలోని ఆడవాళ్లు మాట్లాడిన చోట 'సెప్పినారు', 'ఏటి సేస్తాం' అని రాసుకున్నాం. అన్నీ 'చెప్పారు', 'ఏం చేస్తాం' అయిపోయాయి. గ్రాంథికం మీద యుద్ధం చేసిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ శ్రీకాకుళం గడ్డ మీదే. ఆయన గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని. మాలపేట మాట ఆ గెలుపులో చేరలేదు. శిష్టుల తెలుగే ఇప్పుడు యంత్రం నోట్లోనూ కూర్చుంది. యాసను దిద్దడం ముద్రారాక్షసాన్ని దిద్దడం లాంటిది కాదు. అది సాక్ష్యం. సాక్షి మాట ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా అచ్చయితే ఎదుటి లాయరు దాన్ని వదులుతాడా? చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసిందని మరిచిపోతే ఎలా?

పేర్ల సంగతి మరీ ముఖ్యం. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ బాధితులకీ సాక్షులకీ రక్షణను హక్కు చేసింది. అదే సాక్షి పేరూ ఊరూ ఉన్న కాగితాన్ని ఎక్కడుందో తెలియని కంప్యూటరుకు పంపడం ఏం న్యాయం? నివేదికలు రాసే సంఘాలు ముందు దీని మీద ఒక మాట అనుకోవాలి.

ఆ ఆరు వాక్యాల్ని మేం వాడలేదు. రాతప్రతిలో ఆడవాళ్ల మాటలున్న పేజీని, పేర్లు నల్లసిరాతో కప్పి, ఉన్నదున్నట్టు ఫొటో తీసి పెట్టాం. కింద తేదీ, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా, రెండు వైపుల కులాల పేర్లూ మా చేత్తోనే రాశాం.