పటాన్‌చెరులో కనిపించని అక్షరం: కోడ్ ఎడిటర్ అమరికలు – పాఠపరిష్కరణ దృష్టి

వ్యాససంగ్రహం: తెలుగు పరిశోధనలో పాఠసేకరణకు, పదగణనకు కోడ్ ఎడిటర్ల వాడకం పెరుగుతోంది. వాటిలో ముందుగానే ఉండే అమరికలు తెలుగు పాఠాన్ని ఎలా చదువుతున్నాయో ఒక ఊరిపేరు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, యూనికోడ్, పొల్లు, కోడ్ ఎడిటర్, పటాన్‌చెరు.

ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి ముంబయి రహదారి మీద పడమరగా సాగితే పటాన్‌చెరు పారిశ్రామికవాడ, పాశమైలారం, కంది, సంగారెడ్డి వరుసగా వస్తాయి. శాసనాల్లోని పొట్టలకెరెను చరిత్రకారులు ఈ పటాన్‌చెరుగానే గుర్తించారు. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఇక్కడ ఉంది. 2008లో ఆరంభమైన ఐఐటీ హైదరాబాదుకు కందిలో ప్రాంగణం ఉంది. ఈ ప్రాంతపు కార్మిక జీవితం మీదనో, కాలుష్యం మీదనో వెలువడిన రచనలను ఒక పరిశోధకుడు సేకరించి కంప్యూటర్‌లో భద్రపరిచాడనుకుందాం. అతడు మొదట వెదికే మాట ఊరిపేరే. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

ఒక పేరు, మూడు పాఠాలు

పటాన్‌చెరు, పటాన్చెరు, పటాంచెరు. చదువరికి మూడూ ఒకే ఊరు. యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. మొదటిదానిలో పది యూనికోడ్ సంకేతాలు, రెండవదానిలో తొమ్మిది, మూడవదానిలో ఎనిమిది ఉన్నాయి. మొదటి రెంటికీ భేదం నకారపు పొల్లు తరువాత వచ్చే 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే సంకేతం. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. పొల్లును తరువాతి హల్లుతో కలవనీయకుండా ఆపడమే దాని పని. అది తొలగితే చకారం నకారానికి వత్తుగా దిగిపోతుంది. ఛందస్సులో 'టాన్' ఒక్క గురువు. పొల్లును విడిగా లెక్కించరు. యంత్రపు లెక్కలో అదే చోట నాలుగు సంకేతాలు ఉన్నాయి: టకారం, దీర్ఘం, నకారం, పొల్లు. లాక్షణికుల అక్షరానికీ యూనికోడ్ సంకేతానికీ పొంతన లేదన్న సంగతి ఇంతకన్నా సులభంగా బోధపడే ఉదాహరణ అరుదు.

ఇక్కడ భేదం కంటికి తెలుస్తుంది కనుక ప్రమాదం తక్కువ. అసలు ప్రమాదం 'హైదరాబాద్' వంటి పొల్లుతో ముగిసే మాటల్లో ఉంది. మాట చివర ఆ అదృశ్య సంకేతం ఉన్నా, లేకున్నా కనిపించే రూపం ఒక్కటే. పూర్తి పదంగా పోల్చి లెక్కించే పట్టికలో ఆ రెండూ రెండు పదాలుగా నమోదవుతాయి. యూనికోడ్ ప్రామాణిక రూపసమీకరణ కూడా ఈ సంకేతాన్ని తొలగించదు. తెలియక వేసిన ఈ లెక్క సిద్ధాంతగ్రంథంలో పౌనఃపున్య పట్టికగా అచ్చయితే దానిని ప్రశ్నించగల పరీక్షకుడు ఎవరు? ముద్రిత ప్రతిలో ఆధారమే కనిపించదు.

డబ్ల్యూ.డబ్ల్యూ. గ్రెగ్ 1950 ప్రాంతంలో పాఠంలోని అంశాలను అర్థాన్ని మార్చేవి, రూపానికి మాత్రమే చెందినవి అని రెండుగా విభజించాడు. ఆ విభజన ఇక్కడ ఉపకరిస్తుంది కాని యథాతథంగా సరిపోదు. మాట మధ్యలోని సంకేతం లేఖనరూపాన్నే నిర్ణయిస్తుంది కనుక దానిని నిలపాలి. మాట చివరిది టైపు చేసే అలవాటు మిగిల్చిన జాడ; గణనకు ముందు దానిని తీసివేయవచ్చు. అయితే మూలప్రతి నకలును మాత్రం మార్చకుండా ఉంచాలి.

అమరికలలోని భాషాదృష్టి

2015లో వెలువడిన విజువల్ స్టూడియో కోడ్‌ను ఇక్కడ ఉదాహరణగా తీసుకోవచ్చు. విండోస్‌లో దాని తొలి ఖతి కన్సోలాస్. అందులో తెలుగు లిపి లేదు. తెలుగు కనిపించేది వ్యవస్థలోని మరొక ఖతి పుణ్యమాని. అక్షరాలన్నీ సమాన వెడల్పుతో ఉంటాయన్న భావన తెలుగుకు వర్తించదు కనుక నిలువు గీతతో పంక్తి పొడవును కొలవడం నిరర్థకం. పంక్తుల మధ్య ఎత్తును పెంచకపోతే వత్తులు కింది పంక్తిని తాకే అవకాశం ఉంది. పంక్తి మడత కూడా మొదట ఆపివేసి ఉంటుంది. పుటంత పేరా ఒకే పొడవాటి వరుసగా తెర దాటి పోతుంది. ఇవన్నీ అసౌకర్యాలు మాత్రమే, రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు.

విమర్శకు అర్హమైనది మరొకటి. 2021 నవంబరులో కేంబ్రిడ్జి పరిశోధకులు అదృశ్య సంకేతాలతో ప్రోగ్రాములను వక్రీకరించే పద్ధతిని బయటపెట్టాక ఈ ఎడిటర్‌లో కొత్త హెచ్చరికలు చేరాయి. వాటిలో ఒకటి, నమ్మకం ప్రకటించని ఫోల్డరులో ప్రాథమిక ఆస్కీకి వెలుపలి ప్రతి అక్షరాన్నీ అనుమానాస్పదంగా గుర్తిస్తుంది. అంటే తెలుగు అక్షరమాల మొత్తం. భద్రతా కారణం సబబైనదే; కాని లాటిన్ లిపి సహజం, తక్కినవి మినహాయింపు అన్న భావన ఇందులో నియమంగా స్థిరపడింది.

వెదుకులాట సూత్రాలదీ ఇదే ధోరణి. జావాస్క్రిప్ట్‌లో 'పదాక్షరం' అనే గుర్తుకు ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అడుగుగీత మాత్రమే లోబడతాయి. 'పటాన్‌చెరు' అంతటిలో ఒక్క పదాక్షరమూ దానికి దొరకదు. యూనికోడ్ 'అక్షర' వర్గాన్ని ఎంచుకుంటే ప, ట, న, చ, ర దొరుకుతాయి. దీర్ఘం, ఎత్వం, ఉత్వం, పొల్లు దొరకవు. అవి 'చిహ్న' వర్గానివి. గుణింతం లేని తెలుగు పదం ఎలా ఉంటుందో ఆ ఫలితం చూపుతుంది. రస్ట్ భాషలోని సూత్రం మాత్రం చిహ్నాలను, అదృశ్య సంకేతాన్ని సైతం పదాక్షరాలుగానే స్వీకరించి పేరును ముక్కలు కానివ్వదు. ఒకే ప్రశ్నకు రెండు పరికరాలు రెండు జవాబులు ఇస్తాయి. ఏ పరికరంతో లెక్కించారో చెప్పని పదగణనను పోల్చి చూడడానికి వీలుండదు.

అమరికల ఫైలు – పీఠిక

వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ నుంచి నేటి పరిష్కర్తల వరకు తమ ముందున్న ప్రతులేవో, ఏ పాఠాన్ని ఎందుకు స్వీకరించారో చెప్పవలసిన బాధ్యత వారిదే. ఆంగ్లంలో పరిష్కర్తకూ ఈ సాధనానికీ 'ఎడిటర్' అన్నది ఒకటే పేరు కావడం కాకతాళీయమే అయినా, బాధ్యత మాత్రం ఒకటే. ఎడిటర్ అమరికలు చిన్న పాఠ్య ఫైలుగా భద్రమవుతాయి. అక్షరసంకేతన పద్ధతి, పంక్తి చివరి ఖాళీల తొలగింపు వంటి నిర్ణయాలు అందులో నాలుగైదు వరుసలకు మించవు. సేకరణతో పాటు ఆ ఫైలును, పదగణనకు వాడిన సూత్రాన్ని అనుబంధంగా ఇవ్వమని విశ్వవిద్యాలయ పరిశోధన సంఘాలు అడగవచ్చు. పటాన్‌చెరు పేరు సేకరణలో ఎన్నిసార్లు వచ్చిందన్న అంకె పక్కన, ఏ పటాన్‌చెరును లెక్కించారో కూడా అప్పుడు నమోదవుతుంది.