మత్తడి మీంచి చూస్తే

చెరువును చూడాలంటే ఎండాకాలంలోనే చూడాలని నా నమ్మకం. నిండుగా ఉన్నప్పుడు అందరూ చూస్తారు. వానలు బాగా పడ్డ ఏడాది ఆదివారం పూట శామీర్‌పేట పెద్ద చెరువు దగ్గరికి పోతే కారు ఆపుకోవడానికి జాగా దొరకదు. కాల్చిన మక్క కంకులు, సెల్ఫీలు, పిల్లల కేరింతలు. బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ చెరువు ఎంత లోతు, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయి, ఎంతవరకు దాని జాగా అన్నది అప్పుడు ఒక్కటీ తెలియదు. అంతా నీళ్ల కింద ఉంటుంది. వైశాఖం నడిచేసరికి నీళ్లు మధ్యకు తగ్గుతాయి. అప్పుడు కట్ట లోపలి వాలు, తూము, మత్తడి, నిండినప్పుడు నీళ్లు పరుచుకునే శిఖం నేల అన్నీ బయటపడతాయి. రెండు వేసవుల్లో అదే చెరువును చూసినవాళ్లకు అది ఎలా బతుకుతోందో అర్థమవుతుంది.

ఈ అలవాటు మా ఇద్దరికీ పదవీ విరమణ తర్వాత వచ్చింది. ఉద్యోగంలో ఉండగా ఎల్‌టీసీ మీద ఊటీ, కొడైకెనాల్ చూసొచ్చాం. కొడైకెనాల్ సరస్సు కూడా 1863లో కట్ట వేసి నిలిపిన నీళ్లే. అదే పని మన ఊళ్లలో వందల ఏళ్ల నుంచి ఊరూరా జరిగింది, చూడటానికి మాత్రం మనం రాత్రంతా రైల్లో వెళ్తాం. ఇప్పుడు దూరప్రయాణాలు ఖర్చు కూడా. రైళ్లలో అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం ఉండే రాయితీ 2020 మార్చిలో ఆగింది. పింఛను మీద బతికే ఇంట్లో అది చిన్న మాట కాదు.

శామీర్‌పేటకు అంత తిప్పలు లేదు. సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో గజ్వేల్, సిద్దిపేట వైపు పోయే బస్సు ఎక్కితే పాతిక కిలోమీటర్లు, రాజీవ్ రహదారి మీదే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి మా ఆవిడ ఆధార్ కార్డు చూపిస్తుంది, కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు, డబ్బులు నా ఒక్కడికే. మేడ్చల్ వైపు పోవాలనుకుంటే 2023 ఏప్రిల్ 8న అటు మొదలైన ఎంఎంటీఎస్ ఉంది. బొల్లారం దాటాక కిటికీలోంచి చూస్తూ పోతే ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు ఉన్న నేలల మీద అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. మేడ్చల్, శామీర్‌పేట, కీసర చుట్టుపక్కల పండే అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష మా తరానికి బాగా తెలుసు. ఇప్పుడు ఇటువైపు నల్సార్ ఉంది, 2008 నుంచి బిట్స్ పిలానీ ఉంది, తుర్కపల్లి దగ్గర జినోమ్ వ్యాలీ ఉంది. మంచి చదువులు, మంచి కొలువులు వచ్చాయి. తోటలు పోయాయి. చెరువులు మాత్రం ఇంకా ఉన్నాయి, చాలావరకు.

మేలో మా పద్ధతి ఒకటే. మొదటి బస్సుకు బయల్దేరి, పది కొట్టేలోపు తిరుగు బస్సు ఎక్కేయాలి. పలచని మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం కలిపిన సీసా, మామూలు నీళ్ల సీసా, గొడుగు, చేతికర్ర, కాలికి పట్టు ఉండే బూట్లు. మాత్రలు టిఫిన్ డబ్బాలోనే. ఎండ ముదిరాక చెట్టు కింద కూర్చుని ఓర్చుకుందామనుకోవడం మా వయసులో తగదు. ఇంకొకటి, ఎండి పెళుసుబారినట్టు కనిపించే బురద మీద కాలు పెట్టకూడదు. పైన పగుళ్లిచ్చిన పొర ఉంటుంది, కింద మోకాలి లోతు దిగిపోతుంది.

నేను పట్నంలో పెరిగాను. చెరువును చదవడం నాకు నేర్పింది మా ఆవిడ. ఆమె పుట్టిల్లు చెరువు కింద తరి పొలం ఉన్న ఇల్లు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే ఆమెకు చెరువు మట్టి తోలే బండ్లే గుర్తు. నీళ్లు తగ్గగానే రైతులు శిఖంలోని ఒండ్రు తవ్వి ఎడ్లబండ్ల మీద చెలకలకు తోలుకునేవాళ్లు. చెరువు లోతయ్యేది, చేను బలపడేది. మిషన్ కాకతీయ పేరుతో 2015 మార్చిలో ప్రభుత్వం మొదలుపెట్టిన పూడికతీత ఆ పాత పనే. 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్నది దాని లక్ష్యం.

కట్ట ఎక్కగానే నేను నీళ్ల వైపు చూస్తాను. ఆమె మాత్రం ముందు అడిగే మాట, ‘మత్తడి ఏ దిక్కున్నది?’ అని. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోవడానికి కట్టిన రాతి గడప మత్తడి. ఆంధ్ర వైపు అలుగు అంటారు. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో ఆ గడప ఎత్తే చెబుతుంది. కాగితాల మీద ఎఫ్‌టీఎల్ అని రాసేది, కోర్టుల దాకా పోయేది ఆ ఎత్తు గురించే.

ఇది కళ్లతో చూసుకోవడానికి మాకో ఉపాయం ఉంది. ఊరి చెరువు మత్తడి చాలాచోట్ల నలుగురు కూర్చునేంత వెడల్పు ఉంటుంది. దాని పైరాయి మీద సగం నీళ్లున్న పారదర్శకమైన సీసాను అడ్డంగా పడుకోబెట్టాలి. లోపలి నీటిగీత నిలకడగా ఆగాక, కన్ను ఆ గీత ఎత్తుకు దించి, దాని వెంటే అవతలి ఒడ్డుకు చూపు సాగించాలి. ఆ చూపు ఎక్కడ నేలకు తగిలితే అక్కడిదాకా చెరువే. ఆ గీతకు కింద ఉన్న తుమ్మచెట్లు, పశువులు మేసే గడ్డి నేల, ఎవరో పాతిన కడీలు, వేసిన మట్టిరోడ్డు అన్నీ నీళ్ల జాగాలో ఉన్నట్టే. ఇది ఉజ్జాయింపు లెక్క, సర్వేయర్ పరికరానికి సాటి రాదు. అయినా మొదటిసారి అలా చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నేను మైదానమనుకున్నదంతా చెరువే.

మత్తడి తర్వాత కట్ట లోపలి రాళ్లు చూడాలి. నీళ్లు ఒక్కో మట్టంలో కొన్నాళ్లు ఆగి తగ్గినచోటల్లా రాళ్ల మీద తెల్లటి చారలు పడతాయి. పై చార నుంచి కిందికి చూసుకుంటూ వస్తే ఆ ఏడాది నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో తెలిసిపోతుంది. ఆ తర్వాత తూము. పాత చెరువుల్లో రెండు రాతి స్తంభాలు, వాటి నడుమ రంధ్రాలున్న అడ్డబండలు, అందులోంచి దిగే కర్ర, దాని కొసన బిరడా ఉంటాయి. ఊళ్లో నీరడి ఆ కర్ర ఎత్తితేనే కాలువకు నీళ్లు వదిలినట్టు. ఎవరి మడికి ఎంతసేపు అన్నది అతని నోటిమాట. పంట వచ్చాక అతనికి గింజల్లో కొలిచి ఇచ్చేవాళ్లు. నిండు చెరువులో ఈ తూము తలలు మాత్రమే కనిపిస్తాయి. ఎండాకాలంలోనే అడుగుదాకా చూడగలం.

ఈ విద్య ఎంత పాతదో తెలుసుకోవాలంటే కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి చదవాలి. 1369లో, విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని అందులో లెక్క ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందనీ ఉంది. ఆ ఆరు దోషాలను మేం కాగితం మీద రాసుకుని కట్టల మీదికి తీసుకెళ్తాం. కట్టలోంచి నీరు ఊరడం, ఉప్పు నేల కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నడుమ మిట్ట ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై వాటికి జాగా చాలకపోవడం.

మూడో దోషం నాకు మొదట అర్థం కాలేదు. ఇప్పుడు రాజ్యాలు లేవు కదా అనుకున్నాను. కానీ కట్ట ఒక గ్రామానిదై, శిఖం ఇంకో గ్రామానిదై, నీళ్లొచ్చే కాలువ మూడో మున్సిపాలిటీదైతే ఆ చెరువును ఎవరు చూసుకుంటారు? ఆరో దోషం హైదరాబాద్ కళ్లారా చూసింది. మేడ్చల్ దారిలో కొంపల్లి దగ్గర 1897లో కట్టిన ఫాక్స్ సాగర్ ఉంది. 2020 అక్టోబరు వానలకు అది పొంగి ఉమామహేశ్వర కాలనీ మునిగింది. ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఆరున్నర శతాబ్దాల కింద రాతి మీద చెక్కి చెప్పిన దోషమే అది. చెరువుకు ఉండాల్సిన జాగా చెరువుకు లేకపోయింది, అంతే.

శిఖం నేలలో మనుషులే కాదు, తీతువులు కూడా ఎండాకాలం కాపురం పెడతాయి. ఒకసారి గులకరాళ్ల మీద నడుస్తుంటే తల మీదికి దూసుకొచ్చి ఒకటే అరుపు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. అడుగు దూరంలో, రాళ్ల మధ్య రాళ్లలాగే, మచ్చల మచ్చల గుడ్లు నాలుగు. గూడంటూ లేదు, నేల మీద చిన్న గుంట. వెనక్కి తగ్గి కట్ట మీదికి వచ్చేదాకా అది మమ్మల్ని వదల్లేదు. తీతువు అరిస్తే అపశకునం అంటారు మనవాళ్లు. దాని గుడ్లు చూసిన తర్వాత ఆ మాట నేను నమ్మను.

కట్ట కింద వలలు ఆరేసుకుంటున్న ఒక పెద్దమనిషి పలకరించాడు. ‘ఇప్పుడేం చూస్తరు సారూ, నీళ్లు లేవు గదా. వానలు పడ్డంక రాండ్రి.’ చెరువును చూద్దామని వచ్చామన్నది మా ఆవిడ. అతను కాసేపు మాకేసి చూసి, వల పక్కన పెట్టి, నీళ్లొచ్చే వాగు ఏ దిక్కు నుంచి దిగుతుందో, అందులో ఎక్కడెక్కడ మట్టి పోశారో చేయి చాపి చూపించాడు. రవ్వ, బొచ్చె ఎప్పుడు ఎదుగుతాయో, కొర్రమీను బురదలోకి ఎట్లా దిగుతుందో చెప్పాడు. చేపలు పట్టేవాళ్లకు తెలిసినంతగా చెరువు ఇంకెవరికీ తెలియదు. వాళ్లను అడిగేవాళ్లే తక్కువ.

అదే రాజీవ్ రహదారి మీద ఇంకా ముందుకు పోయి మర్కూక్ వైపు తిరిగితే కొండపోచమ్మ సాగర్. 2020 మే 29న ప్రారంభమైంది, నిల్వ 15 టీఎంసీలు. గోదావరి నీళ్లను ఎత్తిపోసి నింపే జలాశయం. చూసి తీరాల్సిందే, కానీ కట్ట మీద నుంచే. 2025 జనవరిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఐదుగురు యువకులు అందులో మునిగి చనిపోయారు. మనవలను తీసుకెళ్లే తాతలూ అమ్మమ్మలూ ఆ సంగతి మరిచిపోకూడదు.

మన పెద్దలు సప్తసంతానాల్లో కొడుకుతో సమానంగా చెరువునూ లెక్కపెట్టారు. మా పిల్లలు దూరదేశంలో ఉన్నారు. సాయంత్రం వీడియో కాల్‌లో ఆ రోజు చూసిన చెరువు గురించి వాళ్లమ్మ చెబితే శ్రద్ధగా వింటారు. ఈ మధ్య ఇంకో మాట కూడా అడుగుతున్నారు, ఇటువైపు స్థలం కొనొచ్చా అని. శిఖం నేల ఎండిపోయి చదునుగా, చుట్టూ పచ్చగా ఉండే వేసవి నెలల్లోనే ఆ నేలను చూపించడం సులువు. ‘లేక్ వ్యూ’ అని బోర్డు పెడతారు. మాకు తెలిసిన ఒకాయన పదవీ విరమణ డబ్బంతా అలాంటి స్థలంలో పెట్టాడు. వానాకాలం వచ్చాక గానీ అది చెరువని ఆయనకు తెలియలేదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలని నిబంధన ఉంది. చెరువుల పటాలు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను కూల్చే హైడ్రా వచ్చింది. కూల్చాక ఏడవడం కంటే కొనక ముందు మత్తడి మీద ఒక గంట కూర్చోవడం మేలు కాదా?

అధికారులకు కూడా ఒక మాట. కట్టల మీద రంగురంగుల లైట్లు, బొమ్మలు పెట్టడానికి డబ్బు ఖర్చవుతోంది. దానికన్నా ముందు ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, నీడలో రెండు బల్లలు, తాగునీటి కుళాయి కావాలి. తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ, ఎఫ్‌టీఎల్ ఎంత అని తెలుగులో రాసిన ఒక పలక కావాలి. మరుగుదొడ్డి లేక చాలామంది పెద్దవయసు ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా వస్తున్నారు. మే నెలలో అది ప్రాణం మీదికొచ్చే పని.

నాతోటి రిటైరైన వాళ్లకు నా విన్నపం ఇది. రోహిణి కార్తె లోపల మీకు దగ్గర్లో ఉన్న ఒక్క చెరువుకు ఇద్దరూ కలిసి వెళ్లి రండి. ఇంట్లో ఎవరైనా స్థలం చూడటానికి బయల్దేరితే మీరూ కారెక్కండి. అక్కడ దిగగానే ఈ చుట్టుపక్కల చెరువు ఉందా, దాని మత్తడి ఎక్కడ అని అడగండి. తీసుకెళ్లి చూపించనివాడి దగ్గర ఒక్క గజం కూడా కొననివ్వకండి.