"ఆత్సేల్" శబ్దార్థ విచారము

హీబ్రూ భాషలోని "ఆత్సేల్" శబ్దము బైబిలునందు 14 మారులు వచ్చినది. అవి యన్నియు సామెతల గ్రంథములోనివే. తెలుఁగు బైబిలు దీనిని "సోమరి" యని యనువదించినది. ఈ యనువాదము తప్పు కాదు గాని, మూలశబ్దము నందలి భావమంతయు దీనియం దిమిడినదా యనునది విచార్యము.

ఈ శబ్దమునకు సంబంధించిన క్రియ బైబిలున నొక్కచోటనే, న్యాయాధిపతుల గ్రంథమున (18:9), గానవచ్చును. లాయిషును జూచివచ్చిన దాను గోత్రపు వేగులవారు, బయలుదేఱుటకు జాగు సేయవలదని తమవారిని ద్వరపెట్టుచు నీ క్రియను వాడిరి. ఆ మాట విని సాయుధులు 600 మంది కదలిరి. వారు పనిదొంగలు కారు. కావున నిచ్చట క్రియార్థము వెనుదీయుట, తడయుట యనియే. ప్రాచీన గ్రీకు అనువాదకులును సామెతలలోఁ బలుచోట్ల "ఓక్నేరోస్" అను పదమును గ్రహించిరి. దాని మూలక్రియకు సంకోచించుట యని యర్థము.

సామెతలలోని చిత్రములును దీనినే బలపఱచుచున్నవి. ఆత్సేల్ వీథిలో సింహమున్నదని సాకు చెప్పును (22:13). పాత్రలోఁ జేయి ముంచియు నోటి కెత్తఁడు (19:24). కోరిక గలిగియు ఫలము నొందఁడు (13:4). తలుపు కీలుమీఁదఁ దిరిగినట్లు పడకపై దొర్లుటయుఁ (26:14) గలదు గాని, ఆ నిద్ర లక్షణము మాత్రమే. మొదలిడకుండుట, మొదలిడినది ముగింపకుండుట యనునవియే వ్యాధి. భగవద్గీత (18:28) అలసునిని, దీర్ఘసూత్రిని వేర్వేఱుగాఁ బేర్కొన్నది. ఆత్సేల్ ఈ యిరువురను గలుపుకొన్న మాట; "సోమరి" యన్నచో మొదటివాఁడే ముందుగా స్ఫురించును.

ఈ భేదము వట్టి నిఘంటుచర్చ కాదు. సోమరితనమువలన లేమి వచ్చునను సామెతలను బట్టి, లేమి గలవాఁడెల్ల సోమరియే యని తలఁచువారు గలరు. ఆ గ్రంథ మట్లు చెప్పలేదు. 13వ యధ్యాయమునందే 23వ వచనము, బీదల చేను విస్తారముగాఁ బండుననియు, న్యాయము లేనందున నది తుడిచిపెట్టుకొని పోవుననియుఁ దెలుపుచున్నది. అచ్చటి పదము "రాషీమ్", అనఁగా బీదలు, ఆత్సేల్ కాదు. దున్నవలసిన కాలమున దున్నకుండుట (20:4) వేఱు. దున్నియుఁ బంట గోల్పోవుట వేఱు.

కావున "సోమరి" యను మాటను మార్ప నక్కఱలేదు. సాకులతోఁ గాలము పుచ్చువాఁడను భావమును వ్యాఖ్యాతలు దానికిఁ జేర్చిన, నా సామెతలు బీదవానిపై నిందలుగాఁ బరిణమింపక, చదువువాని స్వపరీక్షకుఁ దోడ్పడును.